గొర్రె దానంతటదే వస్తుంది

పిల్లల మనసు కుదుటపడాలని పెద్దవాళ్ళు వాళ్ళను మా గొర్రెల కొట్టానికి తీసుకొస్తుంటారు. ఇక్కడ ఒకటే పద్ధతి. పిల్లలు బోర్లించిన బకెట్ మీద కూర్చోవాలి, గొర్రెను పిలవకూడదు. బుద్ధి పుట్టినప్పుడు అదే వస్తుంది. ఈ ముక్క పిల్లలకు ఒక్కసారి చెబితే చాలు. పెద్దవాళ్ళకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుడుతోంది.

ఇవాళ కూతుర్ని తీసుకొచ్చిన తండ్రి కంచె అవతల ఒక్క క్షణం ఊరుకోలేదు.

"భయపడకు తల్లీ. దాని తల నిమురు. ఇటు చూడు, ఫోటో."

బకెట్ మీద పిల్ల బిగుసుకుపోయింది. గొర్రె దూరంగా మూలకు పోయి నిలబడింది.

"కాసేపు ఆ నోటికి సెలవివ్వండి బాబూ," అన్నాను.

"ధైర్యం చెబుతున్నానండీ."

"గొర్రెకా, పిల్లకా?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "ఇంతకీ ప్రశాంతత రావడానికి ఎంతసేపు పడుతుంది మేడమ్?"

నాకు ఒళ్ళు మండింది. "మీరు నోరు మూసుకుంటే ఇప్పుడే వస్తుంది," అని అరిచాను.

గొర్రె బెదిరిపోయి పరుగున వచ్చి పిల్ల ఒళ్ళో తల దూర్చింది. పిల్ల దాని చెవులు రెండూ అరచేతులతో మూసి, మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"మీరిద్దరూ కాస్త దూరంగా వెళ్ళండి," అంది మెల్లగా. "ఇది భయపడుతోంది."