ఆరు అంకెల అనుమతి

మావారు స్నానానికి వెళ్లేలోపే కోడ్ అడిగేయాలి. వెళ్లారంటే అరగంట. బయటికొచ్చాక చొక్కా ఇస్త్రీ కాలేదని, బాక్సు కట్టలేదని, తాళంచెవి కనబడలేదని నా చుట్టూ తిరుగుతారు, ఇక నా పని అయినట్టే. సర్వర్ల పని నేర్చుకుందామని, నెట్‌లో సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్‌లో ఖాతా తెరిచే రోజున, "నీకెందుకు ఆ తలనొప్పి, నా పేరున తీస్తాలే" అన్నారు. నా బుద్ధి గడ్డి తిని, ప్రేమే అనుకుని పొంగిపోయాను. అప్పట్నుంచి నేను లోపలికెళ్లాలంటే ఆయన ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది. ఆయన చదవాలి, నేను కొట్టుకోవాలి.

ఎనిమిది నెలలుగా రోజూ ఇదే తంతు. కోడ్ ఊరికే రాదు, వెంట ఓ చురక కూడా వస్తుంది. ఇవాళ ఎక్కడ మేడలు కడుతున్నావంటారాయన. గాల్లో, అని అత్తగారు అందిస్తారు. ఇద్దరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే కోడ్ ఆలస్యమవుతుంది మరి.

ఆఫీసులో పదకొండేళ్లుగా నాది ఫారాలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని. ఎవరి పుట్టినరోజైనా కేకు తెప్పించడం, తిన్నాక బల్ల తుడిపించడం కూడా నాదే. అది ఏ కాగితంలోనూ రాసి లేదు. సర్వర్లు చూసుకునే జట్టులో ఒక ఖాళీ పడింది. శుక్రవారం పదకొండింటికి పరీక్ష. మనం కట్టిన సర్వర్లు నడుస్తుండగా చూపించాలి. చూపించలేకపోతే మళ్లీ ఫారాలే. నలభై మూడేళ్ల మనిషి కోసం ఇంకో ఖాళీ ఎక్కడ పుడుతుంది?

ఇందులో సర్వర్‌ని చేత్తో ముట్టుకునేదేమీ లేదు. నాకు రెండు సర్వర్లు కావాలి, వాటి మధ్య ఈ నెట్‌వర్క్ ఉండాలి, బయటివాళ్లు ఈ ఒక్క దారినే రావాలి అని ప్రోగ్రామ్ రాస్తే, దాన్ని చదువుకుని మిషనే అన్నీ కట్టేస్తుంది. కూరలు తరుగుతుంటే తప్పెక్కడుందో తట్టేది, తడి చేతులతోనే లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తేదాన్ని. అలా నూట ఎనభై వరసలు రాశాను, కొన్ని గిన్నెలు మాడ్చాను.

శుక్రవారం ఆయన నాకంటే ముందే వెళ్లిపోయారు. పరీక్షకి గంట ముందు ఆఫీసులోంచి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. మూడోసారికి ఎత్తి, "మీటింగ్‌లో ఉన్నా. సాయంత్రం చూద్దాంలే, ఇప్పుడు కొంపలేం మునగవుగా" అని పెట్టేశారు. పరీక్ష శుక్రవారమేనని సోమవారం నుంచీ చెబుతూనే ఉన్నాను.

ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఎదురుగా స్క్రీన్ మీద నా ప్రోగ్రామ్ ఉంది. దాన్నే చూస్తూ కూర్చుంటే అప్పుడు తట్టింది. ఆయన ఫోన్ వెనకాల చిక్కుకున్నవి సర్వర్లే. వాటిని కట్టించిన రాత నా దగ్గరే ఉంది. అది ఏ ఖాతాలో నడిపితే ఆ ఖాతాలో కడుతుంది.

నా పేరున, నా నంబరుతో కొత్త ఖాతా తెరిచాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇన్నాళ్లూ అడుక్కున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ప్రోగ్రామ్ నడిపితే మధ్యలో ఆగిపోయింది, అనుమతి లేదంటూ. తీరా చూస్తే డెబ్బై రెండో వరసలో ఆయన ఖాతా నంబరు ఉంది, నా చేత్తో నేనే రాసింది. చెరిపేసి నాది పెట్టాను. పదకొండు కొట్టేసరికి అన్నీ లేచి నిలబడ్డాయి.

పరీక్ష పెట్టిన పెద్దాయన కావాలనే ఒక సర్వర్‌ని పడగొట్టారు. దాని చోట ఇంకొకటి దానంతటదే వచ్చింది. ఇంట్లో మీవారు నేర్పారా అని అడిగారు. "లేదండీ, నేనే నేర్చుకున్నాను" అన్నాను. సోమవారం నుంచి ఇటు వచ్చేయమన్నారు.

సాయంత్రం మావారు సోఫాలో కూర్చుని, పెద్ద మనసు చేసుకుని తనే ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. పొద్దున కుదర్లేదని, ఇప్పుడు కోడ్ చెప్పనా అని అడిగారు. నేను అలిగాననుకున్నట్టున్నారు. చెప్తానంటున్నాడుగా, ఇంకా అలకెందుకన్నారు అత్తగారు.

సరే, చెప్పమన్నాను. ఆరంకెలూ నిదానంగా చదివారు. లోపలికెళ్లి, కట్టినవన్నీ తీసేయమని ఆదేశం ఇచ్చాను. నిజంగానేనా అని అడిగింది మిషను. అవునని కొట్టాను.

"ఏం చేస్తున్నావ్?" అన్నారాయన, మెడ సాచి చూస్తూ.

"మీ పేరున ఉన్నవన్నీ తీసేస్తున్నానండీ. ఇక నా కోడ్‌లు మీ ఫోన్‌కి రావు."

"మరి నీ పరీక్ష?"

"పొద్దునే పాసయ్యాను, మీరు మీటింగ్‌లో ఉన్నప్పుడు."