అరిస్తే వినబడేంత దూరం

"ప్రార్థన చేసుకునే ఇంట్లో ఈ నరుక్కోడాలేంటమ్మా?" అని అత్తగారు ఆరోగ్యమ్మ అడిగేటప్పటికి సూసన్ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. గోడకు ఆనించిన ఫోనులో ముసుగు మనిషి ఒకడు కత్తి పట్టుకుని మెట్లెక్కుతున్నాడు.

"అయిపోవచ్చిందత్తయ్యా" అని సూసన్ సౌండు తగ్గించింది.

హాల్లోంచి భర్త దేవరాజ్ నవ్వాడు. "నలభై నాలుగేళ్లొచ్చినా ఇంటర్ పిల్లలు చూసే హత్యల సీరియళ్లే. రేపు మనల్నే వేసేస్తుందేమో, చూసుకోమ్మా."

ఆ మాట అతను చుట్టాల దగ్గరా అన్నాడు, చర్చి మెట్ల మీదా అన్నాడు. అన్నప్పుడల్లా అందరూ నవ్వారు. సూసన్ కూడా నవ్వింది.

ఇల్లు జగ్గయ్యపేటలో, ఉద్యోగం నందిగామ హైస్కూల్లో. ఐదింటికి లేచి, ఇద్దరికీ టిఫినూ కూరా చేసిపెట్టి బస్సెక్కితే, చిల్లకల్లులో గాని సీటు దొరకదు. అక్కణ్ణుంచి నందిగామ దాకా ఉన్న సమయం ఒక్కటే ఆమెది. ఆ కాస్తలో బాక్సులో ఇడ్లీ తింటూ సీరియల్ చూసేది. "రక్తం చూస్తూ ఎలా తింటారక్కా?" అని తోటి టీచర్ జాయిస్ ఒకసారి అడిగింది. రక్తం వచ్చినప్పుడు తను కళ్లు మూసుకుంటుంది. ఆమెకు కావలసింది ఆ తరవాత వచ్చేది. ఒక పిల్ల సాయంత్రం ఇంటికి రాకపోతే ఊరు ఊరంతా కదులుతుంది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడుగుతారు: ఆ టైముకి నువ్వెక్కడున్నావు, ఆఖరిసారి నీతో ఏమంది, ఏ రంగు బట్టలేసుకుంది? అందరూ గుర్తు తెచ్చుకుని తీరాలి. పొద్దున తను ఏ చీర కట్టుకుని గడప దాటిందో ఈ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి. పైగా అక్కడ భయం వచ్చే ముందు సంగీతం వస్తుంది, జాగ్రత్తపడొచ్చు. ఇక్కడ చొక్కా ఇస్త్రీ దగ్గరో కూరలో ఉప్పు దగ్గరో ఎప్పుడు గొంతు లేస్తుందో తెలియదు. ఇరవై ఏళ్లుగా చెవులు రిక్కించి ఉండటమే పెద్ద పనైపోయింది. ఆ అలసటకి నిద్ర కూడా చాలదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి గంజి వారుస్తుంటే మూత జారింది. మరిగే గంజి ఎడమ చేతి మీదంతా పడింది. సూసన్ అరిచింది. అంత గట్టిగా తను అరవగలదని ఆమెకే తెలియదు. హాల్లో క్రికెట్ సౌండు పెరిగింది. ఎవరూ రాలేదు.

చెయ్యి కుళాయి కింద పెట్టుకుని చాలాసేపు నిలబడింది. తరవాత తడి చేత్తోనే హాల్లోకి వెళ్లింది.

"నేను అరిచాను. వినబడలేదాండీ?"

"వినబడింది. నీ సీరియల్లో ఎవరో అరుస్తున్నారనుకున్నాం" అన్నాడు దేవరాజ్. ఆరోగ్యమ్మ అవునన్నట్టు తలూపింది.

ఫోను టీవీ బల్ల మీద, అతని మోచేతి పక్కనే ఛార్జింగులో ఉంది.

"ఫోను మీ దగ్గరే ఉంది కదండీ."

అతను ఫోను వైపు చూశాడు, మళ్లీ టీవీ వైపు చూశాడు. "సర్లే, ఇప్పుడేమైంది? అన్నం వార్చడం అయిందా?"

సూసన్‌కి కోపం రాలేదు. ఎన్నో భాగాలు చూసిన మనిషి కదా, హంతకుడెవరో తెలిసిపోయాక కథ ఇంక ఎక్కువసేపు నడవదని ఆమెకు తెలుసు. పర్సు తీసుకుని, ఆటో ఎక్కి, ఒక్కతే ఆస్పత్రికి వెళ్లి కట్టు కట్టించుకుంది.

మర్నాడు బడి వదలగానే జాయిస్ ఆమెను నందిగామలోనే గాంధీ సెంటరు వెనక వీధిలో రత్తమ్మగారి ఇంటికి తీసుకెళ్లింది. పైన అద్దెకిచ్చే ఒక గది, చిన్న వంటిల్లు. కిటికీ తీస్తే కింద వరండా కనిపిస్తుంది.

"ఎవరెవరుంటారమ్మా?" అని రత్తమ్మ అడిగింది.

"నేనొక్కదాన్నేనండి."

"ఒక్కదానివే? భయం వెయ్యదూ?"

సూసన్ కిటికీలోంచి కిందికి చూసింది. "నేను ఇక్కడ అరిస్తే కింద మీకు వినబడుతుందాండీ?"

రత్తమ్మ ఆమె చేతి కట్టు వంక చూసింది. "అదేం మాటమ్మా! వినబడితే రాకుండా ఎలా ఉంటాను?"