వెనక చక్రాల మీది ఇసుక

మంచు మీద ఉత్తినే తిరిగే చక్రం ఏడుస్తుంది.

సన్నగా. నిద్రలో పసిపిల్ల కుయ్యిమన్నట్టు.

హిల్మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఆ ఏడుపు వింటుంది. రోజూ. తెల్లవారుతుండగా ఒకసారి, పొద్దుగూకుతుండగా ఒకసారి.

ఏడుపు పొడుగ్గా సాగితే — చక్రానికి నేల దొరకలేదు.

ఏడుపు తెగి, గుర్రుమంటే — దొరికింది.

ఆ రెండు శబ్దాల మధ్య హిల్మా ఊపిరి తీసుకోదు.

కారు నీలం రంగుది. రెండే తలుపులు. నేలను వాసన చూస్తూ పోతున్నట్టు కిందకి ఉంటుంది. ఎండ కాసే ఊళ్ల కోసం, పొడి రోడ్ల కోసం, పరుగు కోసం పుట్టిన బండి. దాని బలమంతా వెనక చక్రాలకే పోతుంది. బరువు మాత్రం ముందుంటుంది. మంచు పడిందంటే ఆ తేలికైన వెనక భాగం తన ఇష్టం తనది అంటుంది.

ఈ కొండ మీద అలాంటి బండిని చలికాలంలో ఎవరూ బయటికి తీయరు. మొదటి మంచు రాకముందే పట్టా కప్పి పడుకోబెడతారు. ఏప్రిల్ దాకా లేపరు.

రూబెన్ పడుకోబెట్టలేదు.

"దుప్పటి కప్పుకుని పడుకోడానికి ఇంట్లో నేనున్నాగా. కారు కూడా ఎందుకూ?" అనేవాడు.

రూబెన్ హిల్మా భర్త. నాలుగు చక్రాలకీ మంచు టైర్లు బిగించి, డిక్కీలో పార పెట్టుకుని, పెళ్లికి ముందు నుంచీ ప్రతి చలికాలం ఆ బండిలోనే పనికి వెళ్లాడు. ప్రతి చలికాలం ఇంటికొచ్చాడు. పోయిన వసంతంలో, రోడ్డు పొడిగా ఉన్న రోజు, కుర్చీలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ పోయాడు.

ఒక బూటు విప్పాడు. రెండోది హిల్మా విప్పింది.

ఇప్పుడు ఆ కారు సైమా నడుపుతోంది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు. కొండ దిగి, సరస్సు పక్కగా పోయి, ఇనుప వంతెన దాటి, ఊళ్లో రొట్టెల దుకాణానికి. రోజూ.

"ఈ నాలుగు నెలలూ పక్కింటి ఆర్వో వాళ్ల పాత బండి తీసుకోవే," అంది హిల్మా, మొదటి మంచు పడ్డ రోజు.

"ఆ బండి నిండా చేపల కంపు, అమ్మా."

"చేపల కంపుకి ఎవరూ చావరు."

"నువ్వోసారి ఎక్కి చూడు, తెలుస్తుంది."

అంతే. నవ్వేసి వెళ్లిపోయింది. తండ్రి నవ్వే.

హిల్మాకు బండి నడపడం రాదు. నేర్చుకోవలసిన అవసరం రాలేదు. రూబెన్ ఉన్నాడు కదా అనుకుంది. కానీ ఆమెకు ఆ బండి గొంతు తెలుసు. కొండ కింద గేరు మార్చితే తెలుసు. మలుపు దగ్గర తోక జారితే తెలుసు. కళ్లు మూసుకుని, చేతిలో కాఫీ చల్లారిపోతుండగా, దారి అంతా చెవులతో నడిచి వస్తుంది.

మలుపు…

ఆ మలుపే.

ఒక పక్క దేవదారు చెట్లు. ఇంకో పక్క ఏమీ లేదు. కింద సరస్సు.

సైమా బండి నేర్చుకున్నది చర్చి వెనక ఖాళీ స్థలంలో, మంచు గట్టిపడిన రోజుల్లో. రూబెన్ పక్క సీట్లో కూర్చుని కావాలనే బండిని జారనిచ్చేవాడు. బండి గిర్రున తిరిగేది. దూరంగా చేతులు నోటికి అడ్డం పెట్టుకుని హిల్మా నిలబడేది. కారు అద్దం కిందికి దించి ఉండేది. రూబెన్ గొంతు అంత దూరం వినిపించేది.

"తోక ఎటు పోతే చక్రం అటే తిప్పు. బ్రేకు మీద కాలు పెట్టావా, పోయావే. భయం ఒకటి చెబుతుంది, బండి ఒకటి చెబుతుంది. బండి మాట విను."

హిల్మాకు భయం మాటే వినపడేది.

అప్పుడూ. ఇప్పుడూ.

ఇసుక సంగతి ఇది.

రాగి గనులు మూతపడ్డాక సరస్సు ఒడ్డున నల్లటి ఇసుక మిగిలింది. రాళ్లను దంచి, రాగి తీసుకుని, పారబోసిన పొడి. గరుకుగా ఉంటుంది. రూబెన్ దాన్ని రెండు గోతాల్లో నింపి, తనకు మాత్రమే వచ్చిన ముడి ఒకటి వేసి, డిక్కీలో సరిగ్గా వెనక చక్రాల మీదికి వచ్చేలా పడుకోబెట్టేవాడు. వెనక బరువుంటే చక్రం నేలను కరుస్తుంది. లేకపోతే ఏడుస్తుంది.

"ముందు నేనుంటా. వెనక వీళ్లిద్దరూ ఉంటారు," అని ఆ గోతాలను తట్టేవాడు.

ఆయన పోయాక ఆ ముడులు ఎవరూ విప్పలేదు.

శనివారం హిల్మా విప్పింది.

శనివారం సౌనా. వారమంతా ఎవరి గొడవ వాళ్లదే అయినా, శనివారం సాయంత్రం పెరటి చెక్కగదిలో పొయ్యి రాజేసి, రాళ్ల మీద నీళ్లు చల్లి, ఆ ఆవిరిలో కూర్చోవాలి. ఈ కొండ మీద అది మానిన ఇల్లు లేదు. ఈ వారం పక్కింటి ఆర్వో, ఆయన భార్య ఎల్మా వస్తున్నారు. ఎల్మాకు తుంటి ఎముక మార్చి ఎంతో కాలం కాలేదు. స్నానానికి పిలిచిన మనిషి మన మెట్ల మీద జారిపడితే — ఈ కొండ మీద అంతకన్నా తలవంపు లేదు.

సౌనా మెట్ల నిండా గాజులాంటి మంచు. వసారాలో ఉంచిన ఇసుక రాయిలా గడ్డకట్టింది. సైమా పిండి బస్తా దించుకుని డిక్కీ తెరిచి ఉంచి లోపలికెళ్లింది.

హిల్మా ఒక గోతం లాగింది. ముడి విప్పడానికి చేతి తొడుగులు తీయాల్సి వచ్చింది. వేళ్లు మొద్దుబారాయి. ముడి చాలాసేపు రాలేదు.

తర్వాత వచ్చింది. కాలు జారకుండా ఇసుకంతా మెట్ల మీద చల్లింది.

ఎల్మా చక్కగా మెట్లెక్కింది. "నీ మెట్ల మీద నాట్యం చేయొచ్చే, హిల్మా," అంది. హిల్మా ముఖం వెలిగింది. ఆదివారం మళ్లీ మంచు పడింది. చుట్టాలు వచ్చారు. మళ్లీ మెట్లు. రెండో గోతం.

మళ్లీ నింపి పెడదాం అనుకుంది. చెబుదాం అనుకుంది. రాత్రి సైమా తల తుడుచుకుంటూ దుకాణంలో ఎవరో ఉప్పుకి బదులు చక్కెర వేసిన కథ చెబుతోంది. ఇద్దరూ నవ్వారు. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వి చాలా రోజులైంది.

మాట నవ్వులో పడి పోయింది.

సోమవారం పొద్దున చక్రాల ఏడుపు పొడుగ్గా సాగింది. హిల్మా విన్నది. చలి ఎక్కువైంది అనుకుంది.

మధ్యాహ్నం సౌనా ఊడవడానికి వెళ్లి తలుపు తీసింది. ఎదురుగా మేకుకు రెండు ఖాళీ గోతాలు. ఆరడానికి తనే వేలాడదీసింది. గాలికి కొంచెం కదిలాయి.

అప్పుడు గుర్తొచ్చింది.

సరస్సు వైపు చూసింది. సరస్సు లేదు. దాని మీద నిలువెత్తు తెల్లదనం — నడిచి వస్తోంది.

దుకాణానికి ఫోన్ చేసింది.

"సైమానా? ఇప్పుడే బయల్దేరిందమ్మా," అన్నాడు యజమాని. "తుఫాను ముదురుతోందని అందర్నీ పంపించేశా. మీ కోసం యాలకుల రొట్టె పట్టుకెళ్లింది. వేడిగా ఉండగానే తినండి."

హిల్మా రిసీవరు పెట్టేసింది. మళ్లీ ఎత్తింది. కూతురి నంబరు నొక్కింది, చివరి అంకె దగ్గర వేలు ఆగింది. ఫోన్ మోగితే చెయ్యి స్టీరింగు వదులుతుంది.

పెట్టేసింది.

మంచు వంతెన మీద పడుతోంది. మంచు సరస్సు రోడ్డు మీద పడుతోంది. మంచు మలుపు మీద పడుతోంది.

బయట గరగర. ఆర్వో తన ట్రక్కుకు ముందు ఇనుప పలక తగిలించుకుని వాకిట్లో మంచు తోస్తున్నాడు. హిల్మా కోటు బొత్తాలు పెట్టుకోకుండానే పరిగెత్తింది.

"ఆర్వో, నీ దగ్గర ఇసుకుందా?"

"నాకెందుకమ్మా ఇసుక? నా బండికి నాలుగు కాళ్లూ పనిచేస్తాయి. ఇసుక మోసేది మీ నీలం చెప్పొక్కటే." ఆయన ఆ కారును చెప్పు అనే పిలుస్తాడు. రూబెన్ ఉన్నప్పుడూ అంతే. ఆమె ముఖం చూసి గొంతు మార్చాడు. "ఏమైంది?"

చెప్పింది. గోతాలు, మెట్లు, ఎల్మా తుంటి. అంతా ఒక్క ఊపిరిలో.

ఆర్వో టోపీ వెనక్కి నెట్టాడు. నవ్వలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"ఎదురెళ్లి తీసుకురా," అంది.

"ఎట్లా వెళ్తానమ్మా? ఇది ఒక్క బండి పట్టే దారి. నేను దిగుతుంటే అది ఆగాలి. ఆ కొండ మీద ఆ బండి ఒకసారి ఆగిందంటే మళ్లీ కదల్దు. జారేది వెనక్కే."

ఆమెకు తెలుసు. ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. చలికాలంలో ఎక్కే బండికే దారి. దిగేవాళ్లు పైన ఆగుతారు, ఎంతసేపైనా.

"మరి నేను?"

"ఇంట్లో కూర్చో. నీ కూతురు నీకంటే గట్టిది."

కూర్చోలేదు.

గొడ్డలి తీసుకుని సౌనా మెట్ల దగ్గరకు వెళ్లింది. పదును వైపు కాదు, మొండి వైపుతో కొట్టింది. మంచు పెచ్చులు పెచ్చులుగా లేచింది. లోపల నల్లగా రూబెన్ ఇసుక. గాజులో ఇరుక్కున్న మిరియాల్లా. పెచ్చులు బకెట్లో వేసింది. కొట్టింది. వేసింది. చాలలేదు. పొయ్యి తలుపు తీసి చల్లారిన బూడిద అంతా ఎత్తుకుంది. శనివారం బూడిద. ఎల్మా నాట్యం చేయొచ్చన్న మెట్లు మళ్లీ గాజులయ్యాయి.

అవనీ.

బకెట్ పట్టుకుని దారి పక్కనే దిగింది. ఒకసారి కాలు జారి కూలబడింది. బకెట్ మాత్రం ఒలకనివ్వలేదు.

మలుపు.

గాలికి బూడిద మొహాన కొట్టింది. వంగి, చేత్తో, నేలకు దగ్గరగా చల్లింది. కోళ్లకు గింజలు వేసినట్టు కాదు. రొట్టె పిండి కింద పొడిపిండి చల్లినట్టు — ఒక్క చోటూ వదలకుండా. ఎడమ చక్రం ఇటు వస్తుంది. కుడి చక్రం అటు. అన్నాళ్లు కిటికీ దగ్గర విన్నది ఇప్పుడు పాదాల కింద ఉంది. శబ్దం ఎక్కడ మారేదో ఆమెకు తెలుసు. అక్కడ రెండు దోసిళ్లు ఎక్కువ వేసింది.

తెల్లటి దారి మీద బూడిదరంగు చారలు రెండు.

వెంటనే వాటి మీద మంచు పడుతోంది.

మళ్లీ చల్లింది. మళ్లీ పడుతోంది.

బకెట్ అడుగు కనిపించింది.

అప్పుడు విన్నది — కింద, చాలా కింద. గేరు ఒకటి తగ్గింది. సైమా. కొండ అడుగున ఎప్పుడూ అక్కడే తగ్గిస్తుంది. తండ్రి అక్కడే తగ్గించేవాడు.

చెట్ల మధ్య వెలుగు. రెండు దీపాలు, కిందకి, నేలను వాసన చూస్తూ.

హిల్మా చెయ్యి దానంతటదే పైకి లేచింది. జాగ్రత్త! అని అరవడానికి నోరు తెరుచుకుంది.

చెయ్యి అక్కడే ఆగింది.

చూస్తే ఆగుతుంది. మలుపులో తల్లిని చూస్తే ఏ కూతురి కాలైనా బ్రేకు మీదికే పోతుంది. ఆగిందంటే —

వెనక్కే.

హిల్మా బకెట్‌ను కోటు కిందకు లాక్కుంది. దారి పక్కన పోగుపడిన మంచుగోడ వెనక్కి, దేవదారు కొమ్మల కిందకు దూరింది. మోకాళ్ల మీద కూర్చుంది. తల దించింది. బతుకంతా ఆ బండి కనపడాలని కిటికీ దగ్గర నిలబడిన మనిషి — ఆ బండికి కనపడకూడదని మంచులో ముడుచుకుంది.

దీపాలు మలుపు ఎక్కాయి.

కళ్లు మూసుకుంది.

ఆగకు తల్లీ. ఆగకు. ఆగకు.

తోక జారింది. తెలిసింది. సరస్సు వైపు, నెమ్మదిగా, ఎవరో చెయ్యి పట్టుకుని లాగినట్టు. టైరు రాసుకుంటూ తిరిగిన చప్పుడు — చక్రం అటే తిప్పింది, తోక పోయిన వైపే. బ్రేకు చప్పుడు లేదు.

బండి మాట వింటోంది.

కొమ్మ మీద మంచు జారి హిల్మా మెడ మీద పడింది. కదల్లేదు. గోళ్ల కింద ఇంకా ఇసుక. గట్టిగా పిడికిలి బిగించింది. ఆ కాస్తా దారి మీద వేసి ఉండాల్సింది…

బూడిదరంగు చారల దగ్గర, రెండు దోసిళ్లు ఎక్కువ వేసిన చోట, చక్రం ఏడవడం మొదలుపెట్టింది.

సన్నగా.

పొడుగ్గా.

నిద్రలో పసిపిల్ల కుయ్యిమన్నట్టు —

హిల్మా ఊపిరి తీసుకోలేదు.