నాలుగో గుడ్డ

బకెట్లో మగ్గు ముంచి, మొదటి బల్ల మీది గుడ్డ పైన నీళ్ళు పోశాడు నాగప్ప. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి. రాత్రంతా ఫ్యాను గాలికి బిగుసుకుపోయిన గుడ్డ మెల్లగా మెత్తబడి కాళ్ళ ఆకారం పట్టింది. నీళ్ళలో మందు ఉంది. ఆ ఘాటుకు అతని కండ్లు మండడం మానేసి ఆరేండ్లయింది.

హిందూపురం పక్కన మెడికల్ కాలేజీలో, శవాలు కోసి చదువు నేర్పే హాలు అది. అంతకుముందు ముప్పై ఏండ్లు ధర్మవరంలో పట్టుమగ్గం. గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని కూర్చుని వంగిన నడుం, మగ్గం పోయినా నిటారు కాలేదు. శవాల ఒంటిమీది గుడ్డలు కాలేజీవి. ముఖాల మీదవి మాత్రం నాగప్పవి. పాత పంచె చింపి, మగ్గం మీద మిగిలిన ఎర్ర పట్టుదారంతో అంచు కుట్టుకున్నాడు. బల్లలు మూడు. ముఖాల గుడ్డలు నాలుగు. నాలుగోది ఎప్పుడూ హాల్లో ఆరేసే తీగ మీదే ఉంటుంది.

ఆ పొద్దున గుండెల్లో పట్టేసినట్టుందని సద్ది ముట్టకుండా వచ్చేశాడు. పెండ్లాం రంగమ్మ క్యారియర్ పట్టుకొని వెనకాలే బస్సెక్కింది. ఆమె ఈ గడప తొక్కడం అదే మొదలు. అతని జేబులో రెండు నెలలుగా మడత నలుగుతున్న కాగితం ఉంది. తను పోయాక ఒళ్ళు ఈ హాలుకే ఇవ్వాలని అందులో సంతకం చేశాడు. కింద రంగమ్మ వేలిముద్ర పడాలి. ఆమె ససేమిరా అంటోంది.

“ఏందీ కంపు,” అంది కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని. “ఈడికా నువ్వు రావాలనుకొండేది?”

“మనింట్లో ఇంత చల్లగ యాడుంటాదే?”

మొదటి ఏడాది చదివే కదిరి పిల్ల సుచిత్ర పుస్తకంతో లోపలికి వచ్చింది.

“అమ్మా, కెడావర్, కెడావర్ అంటాంటారే మీరు. ఆ మాటకు అర్థమేంది?” అన్నాడు నాగప్ప.

“శవమే తాతా. పాత లాటిన్‌లో పడిపోవడం అనే మాట నుంచి పుట్టిందంట.”

“పడినోన్ని అట్లే వదిలేస్తే ఎట్ల? ఇన్ని నీళ్ళియ్యల్ల గదా.”

రెండో బల్ల మీది ముఖపు గుడ్డ తీసి, తడిపి, పిండి, చెవుల దాకా సర్ది కప్పాడు. రంగమ్మకు ఆ చేయి తెలుసు. మగ్గం మీంచి దించిన చీరను మడతపెట్టే చేయి.

“కోసి ముక్కలు చేస్తారంట గదమ్మా,” అంది సుచిత్రతో, మొగుని వైపు చూడకుండా.

“కోస్తామవ్వా. ముందు దండం పెట్టుకుంటాం. పెట్టకపోతే తాత ఊరుకోడు.”

“ముప్పై ఏండ్లు చీరలు నేస్తి,” అన్నాడు నాగప్ప. “యాడ, ఏ పెండ్లిలో, ఎవురు కట్టుకున్యారో ఒక్కటన్నా చూస్తిమా? ఈ ఒళ్ళూ అంతే.”

రంగమ్మ తీగ వైపు చూసింది. “బల్లలు మూడే గదా. ఆ గుడ్డ ఎవురికి?”

అతను మగ్గు కడిగి బకెట్ పక్కన బోర్లించాడు.

మధ్యాహ్నం వరండాలో రాగిసంగటి, నంజుకోవడానికి చెనిక్కాయల ఊరిబిండి. రెండు ముద్దలు తిని, చేయి కడుక్కొని, గోడకు ఆనుకున్నాడు. ఆమె గిన్నెలు కడిగి వచ్చేసరికి అట్లాగే ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టి కదిపింది. సుచిత్ర పరుగున పోయి డాక్టరును తెచ్చింది. ఆయన నాడి చూసి, కండ్లు చూసి, తల అడ్డంగా ఊపాడు.

“పడిపోలేదు సూడమ్మా,” అంది రంగమ్మ. “కూచోనే ఉండాడు.”

చాలాసేపటికి అతని జేబులోంచి కాగితం ఆమే తీసింది. ఆఫీసు నుంచి ఇంకు ప్యాడు తెచ్చారు. వేలిముద్ర వేసి, చేయి తుడుచుకోకుండానే హాల్లోకి నడిచింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. తీగ మీది గుడ్డను బకెట్లో ముంచి, పిండి, దులిపి మళ్ళీ ఆరేసింది.

“చెవుల దాకా కప్పమ్మా,” అంది సుచిత్రతో. “ఆయప్ప అట్లే కప్పుతాండె.”

ఆమె పోయాక కూడా గుడ్డ కొసనుంచి నీళ్ళు బొట్లుగా కారుతూనే ఉన్నాయి. ఎర్ర పట్టు అంచు పక్కన, బొటనవేలంత నీలి మచ్చ.