పడవ వాటా

కువైట్‌లో ఇళ్ల పని మానేసి వచ్చేముందు రోజా తన పొదుపంతా తమ్ముడు మస్తాన్ ఖాతాకు పంపింది. తనకు ఖాతా లేదు మరి. వాడు చెప్పాపెట్టకుండా ఆ డబ్బుతో పడవ కొని, కాగితాలు తన పేరున రాయించుకుని, పడవ మీద మాత్రం ‘రోజా’ అని రంగులతో రాయించాడు.

“నీ పేరే పెట్టినా గదక్కా! ఇంకేం గావాల?” అని పళ్లికిలించాడు.

రోజాకు ఒళ్లు మండిపోయింది. మర్నాడు ఒడ్డున చేపలమ్మిన డబ్బు పంచుతుంటే, వేటకెళ్లిన వాళ్లందరి ముందూ వాడి చెయ్యి పట్టుకుంది.

“మనుషుల వాటాలు ఇచ్చేసినావు. మిగిలింది ఎవురిదిరా?”

“పడవ వాటా. పడవ ఎవురిదో వాళ్లకే.”

“దాని మీద పేరు చదువు.”

రోజా కొంగు పట్టింది.

“ఆ వాటా ఇందులో వెయ్యి. పడవ నా పేరున రాసిచ్చేదాకా దినామూ ఈడనే నిలబడతా.”