గోళ్ళలో మట్టి

"ఆ గోళ్ళు చూడు, ఛీ" అన్నాడు మా ఆయన, టీవీ వైపు వేలు చూపిస్తూ.

నేనప్పుడు వంటింట్లో సింకు దగ్గర నిలబడి పాత టూత్‌బ్రష్‌తో నా గోళ్ళు తోముకుంటున్నాను. ఆదివారం కదా అని పొద్దున్నే లేచి బాల్కనీలో రెండు గులాబీ కుండీలకి మట్టి మార్చాను. గోళ్ళలోకి దూరిన మట్టి సబ్బుతో పోదు. బ్రష్‌తో గీకాలి, గీకినా అంచుల్లో సన్నటి నల్లగీత మిగిలిపోతుంది. ఆ గీత ఉన్న చేతులతో పిండి కలిపితే మా అత్తగారు ముట్టుకోరు. "ఆడదాని చేతులు చూస్తే ఇల్లు తెలిసిపోతుంది" అన్నారు పెళ్ళైన కొత్తలో. ఒక్కసారే అన్నారు పాపం. పంతొమ్మిదేళ్ళుగా నేను చేతులు తోముకుంటూనే ఉన్నాను. ఆ పూట కూడా తోముకుని, తుడుచుకుని, పిండి కలపడానికి కూర్చున్నాను.

టీవీలో వస్తున్నది తోటపని కార్యక్రమం. ఆదివారం అది చూడకపోతే మా ఆయనకి పొద్దుపోదు. టీపాయ్ మీద కాళ్ళు చాపుకుని అరగంటసేపు కన్నార్పకుండా చూస్తాడు. ఇంతవరకూ ఒక్క కుండీలో చెంబుడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు. కార్యక్రమం అయిపోయాక బాల్కనీ గుమ్మం దాకా వచ్చి, చెప్పులకి బురద అంటుతుందని అక్కడే ఆగి, "టమాటాకి పక్క పిలకలు తుంచెయ్యాలట, తెలుసా?" అంటాడు. తుంచి నాలుగు రోజులైందని నేను చెప్పను. చెబితే "అన్నీ నీకే తెలుసు మరి" అంటాడు, ఇక ఆ రోజంతా మాటలుండవు. చుట్టాలొస్తే మాత్రం వాళ్ళని బాల్కనీలోకి వెంటబెట్టుకుని వెళ్ళేది ఆయనే. "మా తోట" అంటాడు. "దీనికి చాలా ఓపిక కావాలండీ" అంటాడు. ఆ ఓపిక లోపల వంటింట్లో వాళ్ళకి టీ కలుపుతూ ఉంటుంది.

ఆ కార్యక్రమాన్ని పదకొండేళ్ళపాటు ఒక పెద్దాయన నడిపాడు. జనం ఆయన్ని మాస్టారు అనేవారు. నలగని తెల్లచొక్కా, చేతిలో ఒక చిన్న కత్తెర. మొక్కల మధ్య నడుస్తూ కబుర్లు చెప్పేవాడు. కొత్త సంవత్సరంలో ఆయన మానేశాడు. ఆయన స్థానంలో ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు ముడి వేసుకుని, చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, నేల మీద చతికిలబడి మాట్లాడుతుంది. లేచేటప్పుడు మోకాలు పట్టుకుని "అమ్మా" అంటుంది. మా ఆయనకి ఆవిడంటే మంట.

నాది ఫోన్లు ఎత్తే ఉద్యోగం. మా ఇంట్లో అందరూ దాన్ని అలాగే అంటారు. ఎవరి ఫోన్లు, ఎందుకు ఎత్తుతున్నానని ఆరేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఆ తోటపని కార్యక్రమం వేసే చానల్‌కి ప్రేక్షకుల నుంచి వచ్చే ఫోన్లూ మెసేజీలూ అన్నీ మా ఆఫీసుకే వస్తాయి. రెండేళ్ళ క్రితం ఈ తోటపని కార్యక్రమం నా సీటుకి వేశారు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఏవండీ, మీరు చూసే మొక్కల ప్రోగ్రాం ఉంది చూడండి..." అని మొదలుపెట్టాను. వార్తలొస్తున్నాయి. "ఒక్క నిమిషం" అని చెయ్యెత్తాడు. ఆ నిమిషం ఇంకా అవలేదు. నేనూ మళ్ళీ ఎత్తలేదు ఆ మాట.

ఆఫీసులో పద్నాలుగు మందిమి ఒక గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటాం. వచ్చిన ప్రతి ఫిర్యాదునీ ఒక షీట్‌లో ఎక్కించాలి. నాలుగు గడులుంటాయి: రూపం, గొంతు, దుస్తులు, సమాచారం. ఎవరైనా మెచ్చుకుంటే ఎక్కడ రాయాలని చేరిన కొత్తలో మా మేడంని అడిగాను. మంచి మనిషే, ఎప్పుడూ తలనొప్పి మాత్ర వేసుకుంటూ ఉంటుంది. "పొగడ్తలకి గడి లేదమ్మా. థాంక్స్ చెప్పి పెట్టేయ్. ఫిర్యాదుకైతే జవాబివ్వాలి, పొగడ్తకి ఎవడివ్వాలి జవాబు?" అంది. ఇంకో రూలు కూడా ఉంది. ఒకే మెసేజ్‌లో ఇద్దరి పేరు మీద ఫిర్యాదు వస్తే, ఫోన్ చేసి రెండో మనిషితో కూడా అవుననిపించుకుని, స్వయంగా అడిగామని షీట్‌లో రాసి, దాన్ని రెండుగా లెక్కెయ్యాలి. మంగళవారం అయిదింటికి షీట్ చానల్‌కి వెళ్ళిపోతుంది. ఈ మూడు నెలల షీట్లు చూసి కొత్తావిడని ఉంచాలా తియ్యాలా అన్నది వచ్చేవారం తేల్చేస్తారని మేడం చెప్పింది.

ఎన్నెన్ని మెసేజీలో! చేతికి తొడుగులు వేసుకోమనండి. జుట్టుకి రంగు వేసుకోమనండి. ఇంట్లో మా ఆవిడ మూలుగుడు చాలదన్నట్టు టీవీలో ఈవిడ మూలుగుడా. ఒకాయన, ఈవిడ చెప్పిన కొమ్మల కత్తిరింపు శుద్ధ తప్పని పావుగంట నాతో వాదించాడు. నెల తిరిగాక మళ్ళీ ఫోన్ చేసి, చెట్టు విరగపూసింది కానీ అది తన ఎరువు మహిమేనని చెప్పుకున్నాడు. మొదటి ఫోను షీట్‌లోకి వెళ్ళింది, రెండోది వెళ్ళలేదు.

ఒకావిడ ప్రతి సోమవారం చేస్తుంది. గొంతు బాగా తగ్గించి, గదిలో ఎవరో పడుకుని ఉన్నట్టు మాట్లాడుతుంది. "ఆవిడ లేచేటప్పుడు మోకాలు పట్టుకుంటుంది కదండీ, నాకూ అంతే. పైకి అనను కానీ. అది చెబుదామని చేశానండీ, అంతే." ఒక రిటైర్డ్ నర్సు రాసింది: మాస్టారి రోజుల్లో మొక్క నాటేటప్పుడు చేతులు దగ్గరగా చూపించేవాళ్ళు కదా, ఆ చేతులు మాస్టారివి కావు, ఈవిడవే, బొటనవేలి మీద కుట్ల మచ్చ చూసి గుర్తుపట్టాను అని. మధ్యాహ్నం అన్నం మానేసి పాత ఎపిసోడ్లు ఫోన్‌లో వెతికాను. నిజమే. అదే మచ్చ. మాస్టారు పక్కన నిలబడి మాట్లాడుతుంటే, మట్టిలో దిగి పని చేసింది ఈ చేతులే. పదకొండేళ్ళు అందరూ ఆ గోళ్ళు చూశారు, ఒక్కరూ ఛీ అనలేదు. ఆ చేతులకి ఒక మొహం, ఒక నోరు ఉన్నాయని తెలిశాకే అందరికీ మట్టి కనిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

గడి లేని ఆ మాటలన్నీ, గుర్తున్న పాతవి కూడా కలిపి, నా డైరీ వెనక పేజీల్లో రాసుకోవడం అప్పుడు మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు. అప్పట్నుంచీ నాకు కుదురు లేదు. కూర్చుంటే కాలు ఊగుతుంది, నిలబడితే ఏదో మర్చిపోయినట్టుంటుంది. బస్సులో నా బొటనవేలిని నేనే రుద్దుకుంటూ కూర్చున్నాను. కూర కలుపుతూ ఉప్పు రెండుసార్లు వేశాను. "ధ్యాసెక్కడుంది?" అన్నారు అత్తగారు. ఎక్కడుందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఆయన ఛీ అన్న ఆ ఆదివారం తర్వాత, మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నా వరుసలోకి ఒక మెసేజ్ వచ్చింది.

"మీ యాంకర్ గోళ్ళ నిండా మట్టితో, తల దువ్వుకోకుండా, కుటుంబంతో కలిసి చూసేటట్టు లేదు. మాస్టారి హుందాతనం ఏది? ఎన్నో ఏళ్ళుగా స్వయంగా తోట పెంచుతున్న అనుభవంతో చెబుతున్నాను. వెంటనే మార్చండి. ఇది నా అభిప్రాయం, నా భార్య అభిప్రాయం కూడా."

కింద ఫోన్ నంబరు. నాకు కంఠతా వచ్చిన నంబర్లు రెండే. ఒకటి మా అమ్మది, రెండోది ఇది.

నవ్వొచ్చింది ముందు. తర్వాత మళ్ళీ మొదటినుంచీ చదివాను. స్వయంగా తోట పెంచాడట. పోనీలే, అది చుట్టాల ముందు అలవాటైన మాటే. కానీ నా అభిప్రాయం? నన్నెప్పుడడిగాడు? అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకైనా తెలుసా? నేను చేతులు తోముకుంటూ, నోరు మూసుకుంటూ ఉంటే, చివరికి నా మాట నేను వినకుండానే ఎక్కడో సంతకమై వచ్చింది. రూలు ప్రకారం రెండో మనిషి అవునంటే దీన్ని రెండుగా లెక్కెయ్యాలి. ఆవిడని తీసెయ్యమనేవాళ్ళలో నేనూ ఒకదాన్ని అవుతాను. అయినవాళ్ళ ఫిర్యాదైతే పక్క సీటుకి ఇచ్చెయ్యాలన్నది కూడా రూలే. పక్క సీటు అమ్మాయి వేరే ఫోన్‌లో ఉంది. నేను హెడ్‌ఫోన్ సర్దుకుని నంబరు నొక్కాను.

"నమస్కారమండీ, ప్రేక్షకుల విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మీరు పంపిన ఫిర్యాదు గురించి..."

"అలాగా అండీ! చెప్పండి, చెప్పండి" అన్నాడు.

పోల్చుకోలేదు. పోల్చుకుంటాడేమోనని భయపడ్డాను, అక్కర్లేకపోయింది. ఎంత మర్యాద! పంతొమ్మిదేళ్ళలో నన్ను 'అండీ' అన్నది అదే మొదటిసారి. ఫిర్యాదంతా మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. మధ్యలో నేను ఊఁ కొడుతున్నాను, ఇంట్లో కొట్టినట్టే.

"తోట మీరే చూసుకుంటారాండీ?"

"అన్నీ నేనేనండీ. గులాబీలు, టమాటాలు, పుదీనా. మొన్న ఆదివారం కూడా మట్టి మార్చాం."

"మీ భార్యగారి పేరు కూడా రాశారు. ఆవిడతో ఒకసారి మాట్లాడొచ్చాండీ?"

"మా ఆవిడతోనా?" నవ్వాడు. "ఆవిడ పనికెళ్ళిందండీ. ఏదో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. అయినా ఆవిడకి వేరే అభిప్రాయాలంటూ ఏముంటాయండీ? నేనెంతంటే అంత. రాసేసుకోండి."

"ఆవిడని అడిగారాండీ?"

"అడిగేదేముందండీ, ఇంట్లో మనిషే కదా."

అవతల కుర్చీ కిర్రుమన్న శబ్దం వినిపించింది. ఆయన ఆఫీసు కుర్చీ. నాకు ఏడుపు రాలేదు. వస్తుందనుకున్నాను. దానికి బదులు ఊగుతున్న కాలు ఆగిపోయింది.

"మీరు చాలా ఓపిగ్గా విన్నారండీ" అన్నాడు ఆయనే. "ఈ రోజుల్లో ఇంత బాగా వినేవాళ్ళు లేరు. మా ఇంట్లో అయితే అసలే లేరు. మీ పేరు చెబితే మీ పైవాళ్ళకి మంచిగా నాలుగు ముక్కలు చెబుతాను."

"వద్దండీ. మా దగ్గర పొగడ్తలకి గడి లేదు."

"అయ్యో, అదేంటండీ?"

"ఏవండీ" అన్నాను, ఈసారి ఇంట్లో గొంతుతో. "సాయంత్రం వచ్చేటప్పుడు ఒక ఎరువు బస్తా పట్టుకురండి. తోటంతా మీరే చూసుకుంటున్నారు కదా. టమాటాలకి రేపటికల్లా వెయ్యాలి."

అవతల కుర్చీ మళ్ళీ కిర్రుమంది. చాలా చిన్నగా, "నువ్వా?" అన్నాడు. "అక్కడేం చేస్తున్నావు?"

ఆరేళ్ళకి అడిగాడు.

"ఒక్క నిమిషం" అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మూడున్నర. షీట్ వెళ్ళడానికి ఇంకా గంటన్నర టైముంది. నాలుగు గడుల పక్కన అయిదోది గీశాను. పైన 'నచ్చింది' అని రాశాను. డైరీ వెనక పేజీలు తెరిచి ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టాను. గొంతు తగ్గించి మాట్లాడే ఆవిడ మోకాలు, నర్సు చూసిన మచ్చ, విరగపూసిన చెట్టు. అరవైమూడు వచ్చాయి. మేడం వెనకనుంచి వచ్చి కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది. "ఇదెవరు పెట్టమన్నారే? పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?" అంది. "నేను పెట్టానని చెప్పండి" అన్నాను. మేడం "అయిదు దాటనివ్వకు" అని, మాత్ర వేసుకోవడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

మా ఆయన ఫిర్యాదు కూడా ఎక్కించాను. దాచలేదు. రూపం గడిలో, ఒక్కటిగా. అందులో ఉన్న రెండో మనిషిని విడిగా తీసి అయిదో గడిలో చివరి వరుసకి తెచ్చాను. ప్రేక్షకురాలి పేరు దగ్గర నా పేరు రాశాను. అభిప్రాయం దగ్గర, 'ఆవిడ చేతులు నాకు నచ్చాయి, నా చేతులు కూడా అలాగే ఉంటాయి' అని రాశాను. ఆ వరుసలో ఇంకొక్క ప్రశ్న ఖాళీగా మిగిలింది: ఆ మనిషినే స్వయంగా అడిగి తెలుసుకున్నారా?

అవును అని కొట్టి పంపేశాను.