మొదటి పేజీలో పంకజాక్షి

నిన్న సాయంత్రం దాకా మొదటి పేజీలో ఉన్న పంకజాక్షి తెల్లారేసరికి మాయమైపోయింది. ఆ సంగతి మొదట కనిపెట్టింది పంకజాక్షే.

పొయ్యి మీద పాలున్నాయి. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. వాళ్ళ మామిడితాండ్ర వెబ్‌సైటు ఆ రోజు పది గంటలకు అందరికీ తెరుచుకుంటుంది. ఇంకొక్కసారి చూసుకుందామని, పెళ్ళిచూపుల్లో కూడా పడనంత సిగ్గుపడుతూ, వేలితో నొక్కింది. నిన్న అక్కడ చాప మీద గుజ్జు సర్దుతున్న తన చేతులూ, వంచిన మొహమూ ఉన్నాయి. కింద గుండ్రటి అక్షరాల్లో 'పంకజాక్షి తాండ్ర'. ఇప్పుడు అక్కడ తెల్లచొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, మొగుడు మోహన్‌కృష్ణ నిలబడి ఉన్నాడు. కింద 'మోహన్‌కృష్ణ తాండ్ర, చిత్తూరు'.

పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆమెకు కోపం రాలేదు. కలలో తన ఇంటి తలుపు తానే తట్టితే లోపలినుంచి ఎవరో "ఎవరు కావాల?" అని అడిగినట్టుంది, అంతే.

తిరుపతిలో ఒక గది అద్దెకు తీసుకుని, ఒక్కతే అంగళ్ళకు పేర్లు గీసి, వెబ్‌సైట్లు చేసి బతికే అమ్మాయి గ్రేసీ. ఈ పేజీ చేసింది ఆమే. "ఆఫీసు లేదు, పక్కన ఇంకో మనిషి లేదు. ఆ పిల్లకు ఏమి తెలుస్తాది?" అన్నాడు మోహన్‌కృష్ణ. గ్రేసీయే చెయ్యాలని పంకజాక్షి పట్టుబట్టింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె పట్టుబట్టిన మూడో సంగతి అది. గ్రేసీకి ఒక పద్ధతి ఉంది. గీత గీసే ముందు, వస్తువు చేసే మనిషి పక్కన ఒక రోజంతా ఊరికే కూర్చుంటుంది. ఆ ప్రకారమే మొదటి బస్సుకు వచ్చి, మిద్దె ఎక్కి, నీళ్ళతొట్టి నీడలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

ఆ రోజు పంకజాక్షికి ఇంకా ఒంటి మీదే ఉన్నట్టుంటుంది. ఎండ పిట్టగోడ దాటి చాపల మీదికి జారగానే తోతాపురి మామిడి గుజ్జు పోసి, అరచేత్తో పలచగా సర్దడం; రోజుకు ఒక్క పొర, నిన్నటి పొర ఆరితేనే ఇవాళ్టిది; ఆరిందో లేదో చేతి వెనకవైపు ఆనించి చూసుకోవడం; మబ్బు పడితే అన్నం వదిలేసి మెట్లెక్కడం; ఇలా నెల రోజులు పొర మీద పొర. వచ్చినవాళ్ళతో మోహన్‌కృష్ణ "మాది తాండ్ర వ్యాపారం" అంటాడు, "మా ఆమె ఖాళీనే, ఇంట్లోనే ఉంటాది" అంటాడు. ఒకసారి నడుం పట్టేసి పడుకుంటే, "ఎండ చేస్తాది పని, నువ్వు చేసేదేముండాది" అని నవ్వినాడు. ఆ నవ్వు ఆమెకు నొప్పిగా కూడా తగల్లేదు, అలవాటుగా తగిలింది. అలాంటి మనిషిని గ్రేసీ, "అక్కా, నువ్వు లేకపోతే ఈ తాండ్రలో ఏమి తగ్గతాది?" అని అడిగింది. పంకజాక్షి గుజ్జు సర్దుతూనే ఉంది. మాటలు వాటంతటవే వచ్చాయి. వచ్చే కొద్దీ చాపలన్నీ నేల వదిలి మెల్లగా లేస్తున్నట్టూ, పచ్చటి వెలుగులో తానూ ఒక పొరగా పరుచుకుని, ఎవరూ తొక్కకుండా, ఎవరూ పిలవకుండా, తీరిగ్గా ఆరుతున్నట్టూ అనిపించింది. ఆ క్షణంలోనే గ్రేసీ ఫోటో తీసింది.

ఇప్పుడు ఆ ఫోటోయే లేదు.

గ్రేసీకి ఫోన్ చేసింది. "నేను ముట్టుకోలేదక్కా," అంది గ్రేసీ నిద్రగొంతుతో. "మీ ఇంట్లోనుంచే మార్చినారు. మీకు పాస్‌వర్డు ఇచ్చినా గదా, యాడ పెట్టినావు?"

"వంటింట్లో క్యాలెండరు మీద రాసినా."

"ఇంగేముండాది. పాత పేజీ నా దగ్గర భద్రంగా ఉండాదిలే. పెట్టమంటే ఒక్క నిమిషం. పెట్టేదా?"

"ఉండు పాపా. ఎవురో తేలనీ."

ఇంట్లో ఉన్నది ముగ్గురు. మోహన్‌కృష్ణ నిన్న పేజీ చూసి "బాగుండాది" అన్నాడు, రెండుసార్లు. ఇష్టపడనిది అత్త జ్ఞానాంబ. "కోడలి మొగం ఊరంతా సూడాల్నా? మేము చేసినామమ్మా, పేరు అడిగినామా?" అంది. డెబ్బై దాటినా ఫోనులో నోటితో చెప్పి అక్షరాలు రాయించగలదు. పంకజాక్షి పాలగిన్నె పక్కన పెట్టి నేరుగా వసారాలోకి నడిచింది. జ్ఞానాంబ మంచం మీద కూర్చుని తమలపాకు తుడుస్తోంది.

"అత్తా, ఇది వినండి," అని కొత్త పేజీ చదివింది. "'సాయంత్రం అయిదు గంటలకు, ఎండ చల్లబడ్డాక, చాపల మీద నేను స్వయంగా పొర పోస్తాను...'"

జ్ఞానాంబ చెయ్యి ఆగింది. "సాయంత్రం పోసేదా? ఎవురుమే రాసింది? తెల్లారేతలికి బూజు పట్టి పోతాది. పొద్దన్నే పోస్తేనే కదా పొర నిలిచేది. నేనైతే ఇట్ల రాపిస్తానా?"

రాయించదు. ముప్పై ఏళ్ళు పోసిన చెయ్యి అది. మరి సాయంత్రం అయిదింటికి మిద్దె మీద ఏం జరుగుతుంది? చాపల మీద తెల్లగుడ్డ కప్పుతారు. టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి, పిట్టగోడకు ఆనుకుని ఆ కప్పడం చూసే మనిషి ఒక్కడే. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క వేళకే వస్తాడు. గుడ్డ పరుస్తున్న ఆమె చేతులను చూసి, అదే పోయడం అనుకున్నాడు. పక్కన నిలబడి కూడా, ఒక్కసారీ అడగలేదు.

పంకజాక్షి లోపల ఏదో చాలా నెమ్మదిగా అటునుంచి ఇటు తిరిగింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని గుజ్జు బేసిను మోసుకుని మిద్దె ఎక్కింది. చాపల మీది గుడ్డ తీసింది. కిందికి వంగి, "ఏమండీ, ఒకసారి పైకి రాండి," అని పిలిచింది.

మోహన్‌కృష్ణ తుండుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. ఎండ అప్పుడే పిట్టగోడ దాటుతోంది.

"పది గంటలకు మీ పేరుతో తెరుచుకుంటాది. ఉండనీండి, నేనేమీ మార్పించను. ఈ పొద్దునుంచీ పొర మీరే పోయండి."

"ఏం మాటలివి పొద్దన్నే? గుజ్జు పులిసిపోతాది, కానీ."

"అందుకే తొందరగా పోయండి."

ఆమె వెళ్ళి నీళ్ళతొట్టి నీడలో కూర్చుంది. ఆ మిద్దె మీద ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఇక్కడినుంచి ఎండ ఇంత అందంగా కనిపిస్తుందని తెలియదు. చాపలు దూరంగా, ఎవరివో పొలాల్లా ఉన్నాయి. కొంగు గాలికి ఎగిరితే సర్దుకోలేదు. మెట్ల మీద ఆయాసపడుతూ జ్ఞానాంబ వచ్చి గుమ్మంలో నిలబడింది. మోహన్‌కృష్ణ తల్లివైపు ఆశగా చూశాడు.

"నన్నేంది సూసేది? పొర పొయ్ నాయనా," అంది జ్ఞానాంబ. కోడలివైపు తిరిగి, "నువ్వు లెయ్యొద్దు," అంది.

అతను బేసిను ఎత్తి వంచాడు. గుజ్జంతా ఒకేచోట పడి, చాప అంచు దాటి, పాదాల మీదుగా పారింది. వంగి రెండు చేతులతో తోశాడు. ఒకవైపు మందంగా పేరుకుంది, ఇంకోవైపు నిన్నటి పొర బయటపడింది. మళ్ళీ తోశాడు. చొక్కా మోచేతులదాకా పచ్చగా అయింది. ఆ గుజ్జు అడుగున పద్దెనిమిది రోజుల పొరలున్నాయని పంకజాక్షికి తెలుసు. చేతులు వాటంతటవే లేవబోయాయి. ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

ఒళ్ళో ఫోను మోగింది. "అక్కా, పదింటికి తెరుచుకుంటాది. ఏది ఉంచేది?" గ్రేసీ గొంతు ఆ ఎండలో అందరికీ వినిపించింది.

పంకజాక్షి ఫోను పట్టుకున్న చెయ్యి మొగుడివైపు చాపింది.

మోహన్‌కృష్ణ గుజ్జుచేతులతో, అలాగే మోకాళ్ళ మీద, ఫోనులోకి కాదు, ఆమె మొహంలోకి చూస్తూ మాట్లాడాడు.

"మార్చింది నేనే గ్రేసీ. మీ అక్కది పెట్టెయ్... బాగుండాది అన్నా గదా పంకజా, అబద్ధం కాదు. అంత బాగుండాది కాబట్టే తీసినా. ఊరంతా నా తాండ్ర, నా తాండ్ర అని చెప్పుకొని తిరిగినోణ్ణి. ఆ పేజీలో నేను యాడుండానా అని పైనుంచి కిందిదాకా ఎతికినా. యాడా లేను. నిన్ను తీసేస్తే ఆడ నేనుంటానని అనుకున్నా."